ఒక దండోరావాడి సంజాయిషీ

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నాకు ఒక మెమో వచ్చింది. నా బల్ల మీదుగా వెళ్ళిన ఫైలు ఒకటి కనిపించడం లేదని, మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇచ్చుకోవలసిందని. ఆ రాత్రి కూర్చుని నాలుగు పేజీలు రాశాను. ఫైలు సంగతి మూడో పేజీ చివర గాని రాలేదు. దానికి ముందంతా నాన్న పోవడం, అమ్మ అనారోగ్యం, రోజూ రెండు బస్సులు మారి ఆఫీసుకు రావడం, ముగ్గురు చేయవలసిన పని ఇద్దరమే చేయడం. మర్నాడు హెడ్ క్లర్కు గారు ఆ కాగితాలు చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "ఇదంతా ఎందుకయ్యా? విషయం రాయి చాలు" అన్నారు. నా మేలు కోరే చెప్పారు. కొత్తగా అరపేజీ రాసి ఇచ్చాను. ఆ నాలుగు పేజీలు మాత్రం చింపలేకపోయాను. అవి లేకపోతే ఆ అరపేజీలో ఉన్న మనిషి నేను కానట్టు అనిపించింది.

కొన్నేళ్ళ తర్వాత ఒక చిన్న స్పానిష్ నవలను ఇంగ్లీషు అనువాదంలో చదవడం మొదలుపెట్టి, ముందుమాట చివరికి వచ్చేసరికి ఆగిపోయాను. కథ చెప్పేవాడు ఎవరో ఒక పెద్దమనిషిని ఉద్దేశించి అంటాడు: ఆ విషయం వివరంగా రాసి తెలియజేయమని తమరు రాశారు కదా, అందుకని మధ్యలో నుంచి కాకుండా మొదటి నుంచీ చెబుతాను, అప్పుడు గాని నేనెవరో తమరికి పూర్తిగా తెలియదు. ఆ నవల 'లాసరిల్యో దె తోర్మెస్'. 1554 నాటిది. స్పానిష్‌లో అక్కడున్న మాట 'కాసో'. నాకు మాత్రం హెడ్ క్లర్కు గారి 'విషయం' వినిపించింది. లాసరో రాసింది ఆత్మకథ కాదు, సంజాయిషీ. పైవాడు అడిగితే కిందివాడు ఇచ్చుకునేది. మన ఆఫీసుల్లో రోజూ వాడే ఈ మాటలో ఆ పుస్తకం మొత్తం ఇమిడిపోతుంది.

ఈ నవల మీద పండితులు ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. అచ్చై 470 ఏళ్ళు దాటింది, పట్టుమని వంద పేజీలు ఉండదు, దాని మీద వచ్చిన పుస్తకాలు మాత్రం బీరువాలు నింపుతాయి. ఇంత ఆసక్తి ఎందుకని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: రాసినవాడెవరో తెలియదు కాబట్టి. ఈ జవాబు నాకు ఎప్పుడూ సరిపోలేదు. రచయిత పేరు రేపు తిరుగులేకుండా తేలినా ఈ నవల మీద చర్చ ఆగదని నా నమ్మకం. ఇంకో మాట కూడా ఉంది. ఆ పేరు కోసం జరిగే వేటలో ఈ పుస్తకం చేసిన అసలు సాహసం మరుగున పడిపోతోంది.

కథ తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. సాలమాంకా దగ్గర తోర్మెస్ నది మీద ఉన్న ఒక పిండిమరలో లాసరో పుడతాడు. ఏటి పేరే ఇంటిపేరు అవుతుంది. తెలుగు బైబిలు చదివినవారికి లాజరు తెలుసు: ధనవంతుడి వాకిట్లో కురుపులతో పడి ఉన్న లాజరు ఒకరు, సమాధి నుంచి లేచి వచ్చిన లాజరు ఇంకొకరు. ఈ పిల్లవాడి పేరు అదే. తండ్రి మర పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళ బస్తాలకు కన్నాలు పెట్టి పట్టుబడి, ఊరు విడిచి, దండయాత్రలో పోతాడు. తల్లి ఒక నల్లజాతి పనివాడితో కాపురం పెడుతుంది. వాళ్ళకు పుట్టిన బిడ్డ, తల్లీ అన్నా తెల్లగా ఉండడం, తండ్రి నల్లగా ఉండడం చూసి, తండ్రి దగ్గరికి రాగానే "అమ్మా, బూచి!" అని తల్లి వెనక దాక్కుంటాడు. లాసరో అప్పటికి పసివాడే అయినా ఆ మాట పట్టుకుంటాడు: తమను తాము చూసుకోలేక ఇతరులను చూసి పారిపోయేవాళ్ళు లోకంలో ఎందరున్నారో కదా! బూచికి భయపడిన పసివాడిని చూసి ఇంకో పిల్లవాడికి తట్టిన ఈ ఆలోచన దగ్గర నేను చాలాసార్లు పుస్తకం మూసి కూర్చున్నాను.

తర్వాత గుడ్డి బిచ్చగాడి చెయ్యి పట్టుకుని నడిపించే పని. వంతెన దగ్గర రాతి ఎద్దు విగ్రహానికి చెవి ఆనించి వింటే లోపల పెద్ద శబ్దం వస్తుందని చెప్పి, పిల్లవాడు చెవి ఆనించగానే వాడి తలను రాతికేసి కొడతాడు గుడ్డివాడు. ఆ ఎద్దు సాలమాంకా రోమన్ వంతెన దగ్గర ఇప్పటికీ ఉంది. స్పానిష్‌లో నేటికీ గుడ్డివారికి దారి చూపేవారిని 'లాసరిల్యో' అంటారు, దారి చూపే కుక్కకు కూడా అదే మాట. ద్రాక్షపళ్ళ ఘట్టం అందరికీ గుర్తుండేదే. ఒక్కొక్కటిగా తిందామని ఒప్పందం. గుడ్డివాడు రెండేసి మొదలుపెడతాడు, పిల్లవాడు మూడేసి తింటాడు. "నువ్వు మూడేసి తిన్నావని నాకెలా తెలిసిందో తెలుసా? నేను రెండేసి తింటుంటే నోరు మెదపలేదు కదా!" ఆ తర్వాత మకేదా అనే ఊళ్ళో రొట్టెల పెట్టెకు తాళం వేసి, నాలుగు రోజులకు ఒక ఉల్లిపాయ చొప్పున ఇచ్చే పిసినారి మతగురువు.

నా దృష్టిలో నవల గుండె ఉన్నది మూడో భాగంలో. తోలెదోలో లాసరోను ఒక కులీనుడు పనిలో పెట్టుకుంటాడు. నడుముకు కత్తి, దువ్విన జుట్టు, ఠీవి నడక. పొద్దున్నుంచీ అతని వెనక నడుస్తూ పిల్లవాడు సంతోషిస్తాడు. సంతలో ఏమీ కొనలేదంటే ఇంట్లో అన్నీ నిండుగా ఉండి ఉంటాయి కదా! మధ్యాహ్నం ఒంటిగంటకు ఇల్లు చేరతారు. చీకటి వాకిలి, వట్టి గోడలు. కుర్చీ లేదు, బల్ల లేదు, పొయ్యి రాజేసిన జాడ లేదు. యజమాని భోజనం ఊసెత్తడు. చివరికి లాసరో తన చొక్కాలో దాచుకున్న అడుక్కొచ్చిన రొట్టె ముక్కలు మూడు బయటికి తీస్తే, ఆ పెద్దమనిషి వాటిలో పెద్దది అందుకుని, "బాగున్నట్టుంది. శుభ్రమైన చేతులతోనే కలిపారా?" అని అడిగి, ఆత్రంగా తినేస్తాడు.

అక్కడి నుంచి యజమానిని పనివాడే పోషిస్తాడు. లాసరో వీధుల్లో అడుక్కొచ్చి అరుగు మీద కూర్చుని ఆవు గిట్టల మాంసం తింటుంటే, ఆ కులీనుడి చూపు పిల్లవాడి ఒడిలో ఉన్న తిండి మీదే ఉంటుంది. అడగలేడు. "నువ్వు తింటుంటే చూడముచ్చటగా ఉందిరా లాసరో" అని మాత్రం అనగలడు. పిల్లవాడికి అర్థమవుతుంది, తనే రమ్మని పిలుస్తాడు. అంతకుముందు ఇద్దరు యజమానులను ద్వేషించిన లాసరో ఇతని మీద జాలిపడతాడు. తన దగ్గర లేనిది ఎవరు మాత్రం ఇవ్వగలరు అంటాడు. ఆ మనిషి పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ వీధి గుమ్మంలో నిలబడతాడు, వాటి మధ్య ఇరుక్కున్నదేమీ లేకపోయినా. ఊళ్ళో పరువు నిలవాలి కదా.

ఒకరోజు ఎలాగో ఒక వెండి నాణెం దొరికితే రొట్టె, ద్రాక్షసారా, మాంసం తెమ్మని లాసరోను సంతకు పంపుతాడు. దారిలో శవయాత్ర ఎదురవుతుంది. వెనక భార్య ఏడుస్తోంది: "నా దొరా, నిన్ను ఎక్కడికి తీసుకుపోతున్నారు? తిండీ నీళ్ళూ లేని ఇంటికి, చీకటి ఇంటికి, దుఃఖపు ఇంటికి!" పిల్లవాడు హడలిపోయి వెనక్కి పరుగెత్తి తలుపు గడియ పెడతాడు: శవాన్ని మన ఇంటికే తీసుకొస్తున్నారు! చదివిన ప్రతిసారీ నాకు ముందు నవ్వు వస్తుంది, ఆ వెంటనే ఆ ఇల్లు కళ్ళ ముందుకొస్తుంది. సమాధిని వర్ణించే మాటలు ఒక్కటీ మారకుండా తన ఇంటికి సరిపోతాయని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ భాగంలోనే ఇంకో సంగతి ఉంది. పంటలు దెబ్బతిన్న ఆ ఏడు, బయటి ఊళ్ళ బిచ్చగాళ్ళు తోలెదో విడిచిపోవాలని నగరపాలకులు చాటింపు వేయిస్తారు. కొరడా దెబ్బలు తింటూ వీధుల వెంట నడుస్తున్న పేదలను చూశాక లాసరోకు చెయ్యి చాచే ధైర్యం ఉండదు. ఇది కల్పన మాత్రమే కాదు. 1540లలో స్పెయిన్‌లో బిచ్చమెత్తడాన్ని కట్టడి చేసే చట్టాల మీద పెద్ద వివాదమే నడిచింది. 1545లో దొమింగో దె సోతో అనే సాలమాంకా పండితుడు పేదల పక్షాన నిలిచి, అడుక్కునే స్వేచ్ఛను వాళ్ళ నుంచి లాక్కోరాదని పుస్తకం రాశాడు. చరిత్రకారులు ఈ నవలను వదలకపోవడానికి ఇదొక కారణం. ఆ వివాదంలో ఎవరి గురించి మాట్లాడుకున్నారో, అతని గొంతు ఇక్కడ వినిపిస్తుంది.

చివరికి లాసరో ఏమయ్యాడు? తోలెదోలో దండోరావాడు. నగరంలో అమ్మే ద్రాక్షసారాల గురించి, పోయిన వస్తువుల గురించి చాటడం, శిక్షకు తీసుకెళ్ళే నేరస్తుల వెంట నడుస్తూ వాళ్ళ నేరాలను గొంతెత్తి చెప్పడం అతని పని. ఒక పెద్ద మతగురువు తన ఇంటి పనిమనిషినే ఇచ్చి లాసరోకు పెళ్ళి చేశాడు. ఆమె ఆ గురువుగారి ఇంటికి వెళ్ళి వస్తుండడం గురించి ఊరు గుసగుసలాడుతోంది. లోకులు అనేది పట్టించుకోకు, నీ లాభం చూసుకో అంటాడు గురువుగారు. తోలెదో ద్వారాల లోపల ఉన్న ఏ ఆడదానికీ నా భార్య తీసిపోదని లాసరో ప్రమాణం చేస్తాడు. తోలెదో ఆడవాళ్ళ గురించి అతను ఏమనుకుంటున్నాడో మాత్రం చెప్పడు.

తమరు అడిగిన ఆ విషయం ఇదే. మొదట్లోని 'కాసో', చివర్లోని 'కాసో' ఒకటేనని, పుస్తకమంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబుగా కట్టిందని 1966లో గట్టిగా నిరూపించినవాడు స్పానిష్ పండితుడు ఫ్రాన్సిస్కో రికో. 1957లోనే క్లౌదియో గియ్యేన్ అనే పండితుడు దీన్ని నోటితో చెప్పిన ఉత్తరం అన్నాడు. ఇప్పుడు తిరిగి చూస్తే ఇంత తేలికైన సంగతి నాలుగు వందల ఏళ్ళు ఎలా తప్పిపోయిందా అనిపిస్తుంది. కానీ అప్పటిదాకా చాలామంది దీన్ని ఆకలి కథల మాలగానే చదివారు. రికో చూపించాక గుడ్డివాడు, రొట్టెల పెట్టె, చీకటి ఇల్లు ఒక్కొక్కటీ సాక్ష్యంగా మారిపోయాయి. ఆకలి అంటే ఏమిటో తెలిసినవాడు, రెండేసి ద్రాక్షపళ్ళ దగ్గర మౌనం వహించడం ఎందుకో తెలిసినవాడు, ఇప్పుడు గురువుగారి ఇంటి నుంచి వచ్చే గోధుమలు, మాంసం చూస్తూ మౌనం వహిస్తున్నాడు. నమ్మాలా, తప్పుపట్టాలా అన్నది తేల్చవలసింది 'తమరు'. ఆ కుర్చీలో పాఠకుడు కూర్చున్నాడు. పండితుల ఆసక్తి తరతరానికీ మళ్ళీ మొదలవడానికి ఇదే కారణమని నేను అంటాను. తీర్పు చెప్పేవాళ్ళు మారుతున్నారు, సంజాయిషీ మాత్రం అదే.

ఇక రచయిత వేట. 1605లో హోసె దె సిగ్వెన్సా అనే సన్యాసి, తమ సంఘానికి అధిపతిగా ఉండిన హువాన్ దె ఓర్తేగా విద్యార్థి దశలో దీన్ని రాశాడని, ఆయన గదిలో రాతప్రతి దొరికిందని రాశాడు. రెండేళ్ళకు దియేగో ఉర్తాదో దె మెందోసా పేరు వచ్చింది. చక్రవర్తి ఐదవ చార్లెస్ రాయబారి, కవి, గొప్ప వంశం. 2000ల మొదట్లో రోసా నవార్రో దురాన్ అనే పండితురాలు, చక్రవర్తి కార్యదర్శి ఆల్ఫోన్సో దె వల్దేస్ అని వాదించింది. ఆయన 1532లోనే చనిపోయాడు కాబట్టి అది నిజమైతే నవల అచ్చుకు ఇరవై ఏళ్ళ ముందే పుట్టినట్టు. 2010లో మెర్సెదెస్ అగుల్యో అనే పరిశోధకురాలు పాత దస్తావేజుల్లోని ఒక జాబితాలో ఒక పంక్తి కనిపెట్టింది: లాసరిల్యో, ప్రొపలాదియా (ఒక నాటకాల సంపుటి) అచ్చు కోసం చేసిన సవరణల కట్ట ఒకటి. ఆ జాబితా హువాన్ లోపెస్ దె వెలాస్కో ఆస్తి వ్యవహారాలకు సంబంధించినది. మెందోసా కాగితాలు ఆయన చేతికే వచ్చాయి కనుక రచయిత మెందోసా అయి ఉండాలని ఆమె ఊహ.

దస్తావేజుల మధ్య అంత ఓపికగా వెతికిన ఆమె శ్రమకు నేను చేతులెత్తి దండం పెడతాను. వాదం మాత్రం నాకు నిలిచినట్టు కనిపించదు. 1573లో లాసరిల్యోను కత్తిరించి అచ్చు వేసింది ఆ లోపెస్ దె వెలాస్కోయే, అదీ ప్రొపలాదియా నాటకాలతో కలిపి. సవరణల కట్ట ఆయనదే కావడం కంటే సహజమైనది ఏముంది?

మనకూ ఇలాంటి వివాదం లేకపోలేదు. ఓరుగల్లు వీధుల్ని కళ్ళకు కట్టే క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అని మన పండితులు వాదించుకున్నారు. అక్కడా చెయ్యి పెద్ద పేరు వైపే సాగింది. బాగున్నది ఏది కనిపించినా ముందే పెద్దవాడని తెలిసినవాడి ఖాతాలో వేయాలన్న ఆరాటం ఒక్క దేశానిది కాదు.

నా అభ్యంతరం ఇక్కడే. రికోయే ఇంకో మాట అన్నాడు: ఇది పేరు లేని పుస్తకం కాదు, లాసరో పేరు మీద వచ్చిన పుస్తకం. 1554 పాఠకుడు దాన్ని తెరిచినప్పుడు కనిపించింది 'నేను' అంటున్న ఒక దండోరావాడు. రాజులు, సన్యాసులు, వీరులు తమ జీవితాలు రాసుకునే కాలంలో, మర కూలివాడి కొడుకు తన పుట్టుక నుంచి మొదలుపెట్టి చెప్పాడు, ఆ గొంతు మీద ఇంకెవరి సంతకమూ లేదు. రాసింది బాగా చదువుకున్న మనిషే. ముందుమాటలో రోమన్ రచయితలు ప్లినీని, సిసెరోను తలచుకునే కలం దండోరావాడిది కాదని నాకూ తెలుసు. కానీ అంత చదువుకున్న మనిషి తన పేరును పూర్తిగా తుడిచేసి ఆ చోటును లాసరోకు ఇచ్చాడు. భయంతోనే ఇచ్చి ఉండొచ్చు, మతాధికారుల మీద అన్ని మాటలు రాశాక భయం సహజం. కారణం ఏదైనా ఫలితం అది. రాయబారి అనో, కార్యదర్శి అనో, మఠాధిపతి అనో మనం పేరు తగిలించిన ప్రతిసారీ ఆ చోటు మళ్ళీ పైవాడి చేతికి పోతుంది. రచయిత ఎవరన్నది న్యాయమైన ప్రశ్నే, వెతకనివ్వండి. ఆ ప్రశ్నే పుస్తకం మీద ఆసక్తికి కారణమంటే మాత్రం ఒప్పుకోలేను.

పండితుల పని అంటే నాకు గౌరవం ఎక్కడ కలుగుతుందంటే, పాఠం మీద వాళ్ళు పెట్టిన శ్రద్ధ దగ్గర. 1554లో ఈ నవల నాలుగు చోట్ల అచ్చయింది: బుర్గోస్, ఆంట్వెర్ప్, అల్కలా, మెదీనా దెల్ కాంపో. 1559లో మతవిచారణ సంస్థ నిషేధించింది. 1573 నాటి కత్తిరించిన ప్రతిలో నాలుగు, ఐదు భాగాలు లేవు. వాటిలోని సన్యాసి, దొంగ అద్భుతాలు చేసి పాపక్షమాపణ పత్రాలు అమ్ముకునేవాడు అలా మాయమైపోయారు. స్పెయిన్‌లో పూర్తి పాఠం బాహాటంగా మళ్ళీ అచ్చు కావడానికి 19వ శతాబ్దం దాకా ఆగవలసి వచ్చింది.

నాలుగింటిలో మెదీనా అచ్చు ఒకటుందని 1992 దాకా ఎవరికీ తెలియదు. ఆ ఏడు స్పెయిన్‌లోని ఎస్త్రెమదూరా ప్రాంతంలో బార్కరోతా అనే చిన్న ఊళ్ళో పాత ఇల్లు బాగుచేస్తుంటే గోడలో పుస్తకాల దాపు బయటపడింది. రాతప్రతితో కలిపి మొత్తం పదకొండు. డచ్ పండితుడు ఎరాస్మస్ రచన ఒకటి, హస్తసాముద్రికం, భూతవైద్యం, వాటి మధ్య 1554 మార్చి 1 తేదీతో లాసరిల్యో. ఆ అచ్చులో లోకానికి తెలిసిన ప్రతి అదొక్కటే. 1995లో ప్రాంతీయ ప్రభుత్వం కొన్నది, ఇప్పుడు బదహోస్‌లోని గ్రంథాలయంలో ఉంది. దాచినవాడు యూదు మూలాలున్న ఒక వైద్యుడని ఒక చరిత్రకారుడి వాదన. ఎవరైనా కానివ్వండి. అతను దాన్ని కాల్చలేదు, పారేయలేదు. గోడలో పెట్టి పూత పూశాడు, మళ్ళీ ఎప్పుడో తీసుకుందామనే కదా! నాలుగు పేజీలు చింపలేకపోయిన నాకు ఆ మనిషి దగ్గరివాడిలా అనిపిస్తాడు.

నాలుగు అచ్చులనూ పక్కపక్కన పెట్టి మాట మాటా పోల్చినవారి వల్ల తెలిసిన సంగతి ఒకటుంది. భాగాల శీర్షికలు 'లాసరో తన జీవితం చెప్పడం' అన్నట్టు బయటివాడి గొంతుతో ఉంటాయి. లోపలంతా 'నేను'. సంజాయిషీ రాసేవాడు మధ్యలో ఆగి తన గురించి అలా శీర్షికలు పెట్టుకోడు. అవి అచ్చువాళ్ళు పెట్టినవని రికో వాదన, నాకు నూటికి నూరుపాళ్ళు సబబుగా తోస్తుంది. శీర్షికలు తీసేసి చదివి చూడండి, ఒకే ఊపిరిలో సాగిపోయే ఉత్తరం అది.

ముగింపు కూడా అలాగే. చక్రవర్తి తోలెదో నగరానికి వచ్చి సభలు జరిపిన ఏడు, తను అదృష్టపు శిఖరం మీద ఉన్నానని లాసరో చెబుతాడు. అంతటితో ఉత్తరం ఆగిపోతుంది. ఆ సభలు 1525వా, 1538-39వా అని ఒక చర్చ ఉంది, దాని జోలికి పోను. అల్కలా అచ్చులో మాత్రం, వేరే చెయ్యి చేర్చిన భాగాలతో పాటు చివర ఒక వాక్యం ఎక్కువ ఉంది: ఇక ముందు నాకు జరగబోయేవి తమరికి తెలియజేస్తాను. కథ సాగదీసే వీలు కోసం ఎవరో చేర్చారు. 1605లో సెర్వాంటెస్ రాసిన నవల డాన్ కిహోటేలో ఒక ఖైదీ తన జీవితకథ రాస్తున్నానని, లాసరిల్యోను మించిపోతుందని గొప్పలు చెబుతాడు. పూర్తయిందా అని అడిగితే, నా జీవితమే పూర్తి కాలేదు, పుస్తకం ఎలా పూర్తవుతుంది అంటాడు. ఆ ఖైదీకి ఆ మాట నప్పుతుంది. లాసరోకు నప్పదు. అడిగినదానికి జవాబు చెప్పినవాడు, ఇకముందు కూడా చెప్పుకుంటానని తనంతట తాను ఎందుకు ఒప్పుకుంటాడు? నా ప్రతిలో ఆ వాక్యం అడుగున గమనికగా ఉంది. దాని పక్కన పెన్సిలుతో చిన్న గీత గీసి, 'ఇది లాసరోది కాదు' అని రాసుకున్నాను.